నావలో రొద

గోదావరి పాపికొండల నడుమకు వచ్చునప్పటికి తన విశాలరూపమును విడిచి యిరుకగును. ఇరువైపుల కొండలు నిటారుగా నిలుచును. వాని నీడ నీటిమీద బడి, పట్టపగలే ప్రవాహము నల్లగా కనబడును. ఈ శోభను చూచుటకై యాత్రికులు లాంచీలలో పోవుచుందురు. లాంచీలో పాటలుండును. దారిలోని యూళ్ల పేళ్లను, గుడుల కథలను చెప్పుటకు మైకుండును. ఆపద వేళ నందరిని హెచ్చరించుటకును ఆ మైకే యాధారము.

ఒక లాంచీ యజమాని కార్తికమాసము వచ్చులోపల తన లాంచీలోని పాత మైకుపెట్టెను తీసివేసి క్రొత్త సామగ్రిని పెట్టించెను. పాతది చిన్న పెట్టె. మైకు తగిలించు చోటును, శబ్దమును పెంచు ఆంప్లిఫయరును అన్నియు దానిలోనే యిమిడియుండెను. అది సరంగు గదిలో చుక్కాని ప్రక్కనే యుండెడిది. క్రొత్త సామగ్రి యట్టిది కాదు. దానిలోని ఆంప్లిఫయరు 400 వాట్లది. సరంగు గదిలో చోటు చాలనందున దానిని వెనుక ఇంజను గది గోడకు బిగించిరి. మైకును, పాటలు వినిపించు సెల్‌ఫోనును కలుపు మిక్సరు అను చిన్న పెట్టెను మాత్రము సరంగు గదిలో నుంచిరి. ఈ రెంటికి నడుమ పొడవైన తీగను పరచిరి. నాలుగు పెద్ద స్పీకర్లను రెండంతస్తులలోను అమర్చిరి. లాంచీ రేవులో కట్టియుండగా పాట పెట్టి చూచిరి. గాయకుని నిట్టూర్పు సైతము స్పష్టముగా వినబడెను. యజమాని మురిసిపోయెను.

మరునాటి యుదయమున యాత్రికులెక్కిరి. సరంగు ఇంజనును నడిపించెను. వెంటనే స్పీకర్లలో ‘కుయ్యి’మను సన్నని రొద పుట్టెను. లాంచీ వేగము హెచ్చినకొలది ఆ రొదయు స్థాయి హెచ్చి, లాంచీ జోరందుకొనునప్పటికి ఈలవలె చెవులను గ్రుచ్చసాగెను. పాటను బిగ్గరగా పెట్టినచో రొద కొంత మరుగుపడెను గాని, మైకులో పలికిన మాట మాత్రము దానిలో మునిగిపోయెను.

కొండలు సమీపించినప్పుడు యాత్రికుడొకడు ఎడమగట్టున జారుచున్న జలధారను చూపెను. పైయంతస్తులోనివారందరును దానిని చూచుటకై ఒక్కమారుగా ఆ వైపునకు పరుగెత్తిరి. లాంచీ ప్రక్కకు ఒరిగెను. “ఎవరి చోట వారు కూర్చుండుడు! అందరు నొకవైపునకు పోవలదు!” అని సరంగు మైకులో కేకవేసెను. రొదలో ఆ మాట లెవరికిని అర్థము కాలేదు. పనివాడొకడు మెట్లెక్కి, చేతులు చాచి యడ్డగించి, వారిని మరల కూర్చుండబెట్టెను. లాంచీ నిలదొక్కుకొనెను. ఎవరికి నేమియు కాలేదు. కాని ఆ రాత్రి యజమానికి నిద్రపట్టలేదు. పాట వినబడనిచో యాత్రికుడు విసుగుకొనును. హెచ్చరిక వినబడనిచో ప్రాణమే పోవచ్చును.

సామగ్రి నమ్మిన దుకాణమువాడు వచ్చి ఆంప్లిఫయరును మార్చెను. రొద మారలేదు. రొదను వడగట్టునని చెప్పి ఫిల్టరు అను తీగచుట్టను తెచ్చి, ఆంప్లిఫయరునకు విద్యుత్తును తెచ్చు తీగకు తగిలించెను. రొద తగ్గలేదు. రోగమేదో తెలియకయే మందుమీద మందు మార్చినట్లయ్యెను. తుదకు యజమాని, ఓడలలో చిరకాలము రేడియో పనిచేసి విశ్రాంతి పొందియున్న వృద్ధు నొకని పిలుచుకొనివచ్చెను. ఆయన చేతిసంచిలో మూడే వస్తువులున్నవి: విద్యుత్తును కొలుచు మల్టీమీటరు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ, ఒక తెల్లకాగితముల పుస్తకము.

“ఇప్పుడు ఏ భాగమును మార్చవలెను, మాస్టారూ?” అని యజమాని యడిగెను.

“ఏదియు మార్చవలదు, బాబూ. ముందు వినవలెను,” అని ఆయన నవ్వి, ప్రక్కన నిలిచియున్న యజమాని కుమారుని పిలిచెను. ఆ బాలుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. పుస్తకమును వానికిచ్చి, “నాయనా! రొద యెప్పుడు పుట్టును? ఎప్పుడు హెచ్చును? ఎప్పుడాగును? ఈ మూడింటిని వ్రాయుచుండుము. ఒక మారునకు ఒక్క మార్పే చేయుదము. రెండు మార్పులు కలిపి చేసి రొదను పోగొట్టినచో, అది దేనివలన పోయినదో యెన్నటికిని తెలియదు,” అని చెప్పెను.

మొదటి పరీక్ష సులభమైనది. ఇంజనును ఆపి, దీపములను, నీటిని తోడు పంపును నడిపించి, పాట పెట్టిరి. రొద లేదు. ఇంజనును నడిపించిరి. రొద పుట్టెను. వేగము హెచ్చించిరి. రొద స్థాయియు హెచ్చెను.

“రొద ఇంజనుతో కూడ లేచుచున్నది, ఇంజనుతో కూడ పరుగెత్తుచున్నది. ఇంజను త్రిప్పు యంత్రములలో విద్యుత్తును పుట్టించున దేది?” అని వృద్ధు డడిగెను.

“ఆల్టర్నేటరు, తాతగారూ!” అని బాలుడు చెప్పెను.

ఇంజను నడుచునప్పుడు బ్యాటరీని నింపునది ఆల్టర్నేటరు. దానిలో తిరుగు అయస్కాంతము చుట్టును మూడు తీగచుట్టలుండును. వానిలో పుట్టు విద్యుత్తు ఒకమారు ముందునకు, ఒకమారు వెనుకకు ప్రవహించు ఏకాంతర విద్యుత్తు. బ్యాటరీకి కావలసినది ఒకే దిక్కునకు ప్రవహించు విద్యుత్తు. కావున ఆల్టర్నేటరులో ఆరు డయోడులను అమర్తురు. డయోడు ఒకవైపునకు మాత్రమే తెరచుకొను తలుపు వంటిది. విద్యుత్తును ముందునకు పోనిచ్చును, వెనుకకు రానీయదు. ఇట్లు వెలువడిన విద్యుత్తు ఒకే దిక్కునకు ప్రవహించినను, దానిపై చిన్న చిన్న అలలు మిగిలియుండును. 12 ధ్రువములు గల ఆల్టర్నేటరు ఒక్క చుట్టు తిరిగినచో 36 అలలు పుట్టును. అది నిమిషమునకు 2000 చుట్లు తిరిగినచో సెకనునకు 1200 అలలగును. మనుష్యుని చెవి సెకనునకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. కావుననే ఆ అల స్పీకరులో ప్రవేశించినచో ఈలవలె వినబడును. ఇంజను వేగము హెచ్చినచో అలల సంఖ్యయు, దానితో స్థాయియు హెచ్చును.

రొద పుట్టినచోటు తెలిసినది. కాని ఆల్టర్నేటరు దోషి యనుటకు వీలులేదు. పాత పెట్టె యున్నప్పుడును ఆ ఆల్టర్నేటరే తిరుగుచుండెను గదా! అల ఏ దారిని పాటలో ప్రవేశించుచున్నదో తెలియవలెను.

ఇంజను నడుచుచుండగా, మిక్సరునుండి వచ్చు తీగను ఆంప్లిఫయరునుండి ఊడదీసిరి. స్పీకర్లు మౌనము వహించెను. తీగను మరల తగిలించిరి. రొద మరల వచ్చెను. బాలుడు రెండు పంక్తులు వ్రాసెను. “చూచితివా? ఆంప్లిఫయరునకు విద్యుత్తును తెచ్చు తీగలో దోషము లేదు. రొద పాటను తెచ్చు తీగ వెంట వచ్చుచున్నది. తలుపు తూర్పున నుండగా పడమట గోడకు గడియ పెట్టినచో దొంగ యాగునా? ఫిల్టరు పనిచేయకుండుటకు కారణ మిదియే,” అని వృద్ధుడు చెప్పెను.

తరువాత మిక్సరునకు లాంచీ తీగలనుండి విద్యుత్తు రాకుండ చేసి, తాను తెచ్చిన చిన్న బ్యాటరీని దానికి తగిలించెను. తక్కినవన్నియు యథాప్రకారముగనే యుంచెను. ఈల పోయెను! బహుసూక్ష్మమైన నీడవంటి రొద మాత్రము మిగిలెను. చిన్న బ్యాటరీని తీసి మరల లాంచీ తీగలను కలుపగా ఈల తిరిగివచ్చెను. అప్పుడు పంపును, దీపములను ఆపిరి. ఈల సగము తగ్గెను. వానిని నడిపించిరి. ఈల హెచ్చెను.

ఈ పరీక్షల యర్థమును గ్రహించుటకు విద్యుద్వలయమును గుర్తుచేసికొనవలెను. బ్యాటరీ ధన ధ్రువమునుండి బయలుదేరిన ప్రవాహము దీపమునో పంపునో నడిపించి, ఋణ ధ్రువమునకు తిరిగి చేరవలెను. ఆ లాంచీలో సరంగు గదిలోని దీపములు, పంపు, మిక్సరు అన్నియు ఒక్క పాత సన్నని తీగ ద్వారానే బ్యాటరీకి తిరిగివచ్చుచుండెను. క్రొత్త ఆంప్లిఫయరు మాత్రము బ్యాటరీ ప్రక్కనే యుండుటచే, లావు తీగతో నేరుగా ఋణ ధ్రువమునకు చేరియుండెను.

“మన పొలముల మురుగుకాలువను తలచుకొనుము,” అని వృద్ధుడు బాలునితో చెప్పెను. “పది పొలముల మురుగు ఒక ఇరుకు బోదెలోనికి పోవుచున్న దనుకొనుము. పై రైతు తన చేను నీటి నొక్కమారుగా విడిచినచో బోదెలో మట్టము లేచును. అప్పుడు ప్రక్క చేనిలోని నీరు బయటకు పోదు సరిగదా, బోదె నీరే చేనిలోనికి ఎగదన్నును. పంపును దీపములును నీరు విడుచు పై రైతులు. మిక్సరు మునిగిపోవు ప్రక్క చేను. ఆల్టర్నేటరు అల ఆ నీటిమీది తరగ.”

విద్యుత్తునకును ఇట్టి మట్టము కలదు. దానినే వోల్టేజి యందురు. తీగలోని నిరోధమును ప్రవాహముతో గుణించినచో ఆ తీగలో నష్టమగు వోల్టేజి తెలియునని జర్మనుదేశీయుడగు ఓమ్ అను శాస్త్రజ్ఞుడు 1827లో ప్రకటించెను. వృద్ధుడు మల్టీమీటరుతో మిక్సరు ఋణస్థానమునకును బ్యాటరీ ఋణ ధ్రువమునకును నడుమ కొలిచెను. ఆ రెండును ఒకే మట్టమున నుండవలసినవి, కాని 0.4 వోల్టుల భేదము కనబడెను. దీపములు, పంపు కలిసి 10 ఆంపియర్లు త్రాగుచుండెను. అనగా ఆ తీగ నిరోధము 0.04 ఓములు. ఇది చూచుటకు స్వల్పమే. కాని పాటను తెచ్చు తీగలోని విద్యుత్తు బిగ్గర స్వరములందును ఒక వోల్టునకు అటునిటుగ నుండును. సన్నని స్వరములందు వోల్టులో వేయవ వంతులే. ఈ 0.4 వోల్టులపై నాడు చిన్న అలయే పాట తీగ వెంట ఆంప్లిఫయరులో జొరబడి, అక్కడ అనేక రెట్లు పెరిగి ఈలయగును. రెండు పరికరములు వేరువేరు చోట్ల ఋణ ధ్రువమునకు చేరి, పాట తీగచే మరల తమలో తాము కలిసికొనుటచే నేర్పడు ఈ వలయమును ఇంజనీర్లు భూవలయ మందురు.

పాత పెట్టెలో ఈ చిక్కు లేకుండుటకు కారణమిప్పుడు స్పష్టమగును. దానిలో మైకు భాగమును, శబ్దమును పెంచు భాగమును ఒకే చోట, ఒకే మట్టమున నుండెను. మట్టము లేచినను రెండును కలిసి లేచుచుండెను. క్రొత్త సామగ్రి చెడ్డది కాదు. దానిని విడదీసి దూరదూరముగా నుంచినప్పుడు, పాత తీగలో ఎన్నటినుండియో దాగియున్న దోషము బయటపడినది.

చికిత్సయు ఒక్కొక్క మెట్టుగనే జరిగెను. మొదట ఇంజనును ఆపి, బ్యాటరీ తీగను ఊడదీసిరి. ఇంజను నడుచుచుండగా బ్యాటరీని తొలగించినచో ఆల్టర్నేటరులోని డయోడులు చెడిపోవును. కావున ఆ పని యెన్నడును చేయరాదు. సరంగు గదిలోని ఋణ తీగల కూడలిని విప్పి చూడగా, నీటితేమకు రాగిపై పచ్చని చిలుము పట్టియుండెను. గరుకుకాగితముతో దానిని రుద్ది, మరల గట్టిగా బిగించిరి. భేదము 0.4 వోల్టులనుండి 0.2 వోల్టులకు దిగెను. రొదయు తగ్గెను గాని పోలేదు. బాలుడు దానిని వ్రాసికొనెను.

తరువాత మిక్సరునకు పాత తీగతో సంబంధము తెంపి, బ్యాటరీనుండియే ప్రత్యేకముగా రెండు తీగలను తెచ్చిరి. ఋణ తీగను ఆంప్లిఫయరు ఋణ తీగ బిగించిన చోటనే బిగించిరి. ధన తీగకు బ్యాటరీ చెంతనే ఫ్యూజు నమర్చిరి. తీగ యెక్కడైన నొరసికొని అగ్గి పుట్టకుండ కాపాడునది ఆ ఫ్యూజే. భేదము 0.01 వోల్టునకంటె తగ్గెను. ఈల పోయి, నీడవంటి రొద మాత్రము మిగిలెను.

ఆ నీడకు వేరొక కారణము కలదు. పాట తీగను ఆంప్లిఫయరు విద్యుత్తు తీగలతో కలిపి ఒకే కట్టగా కట్టియుండిరి. 400 వాట్ల ఆంప్లిఫయరు నిండుగా పనిచేయునప్పుడు 12 వోల్టుల వద్ద 33 ఆంపియర్లకు మించిన ప్రవాహము ఆ తీగలలో పోవును. ప్రవాహము మారుచున్న తీగచుట్టు అయస్కాంతక్షేత్రము మారుచుండును. ఆ మార్పు ప్రక్కనున్న తీగలో విద్యుత్తును పుట్టించునని ఫారడే 1831లోనే కనుగొనెను. కట్టను విప్పి, పాట తీగను ఎదుటిగోడ వెంట పరచిరి. విద్యుత్తు తీగను తప్పక దాటవలసిన చోట అడ్డముగా, నిలువు కోణమున దాటించిరి. ఇంజను పూర్తి వేగమున తిరుగుచుండగా స్పీకర్లలో పాట తప్ప వేరొకటి వినబడలేదు.

“ఇంత చేసియు రొద పోకున్నచో నేమి చేయుదురు, తాతగారూ?” అని బాలు డడిగెను.

“పాట తీగ మధ్య ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరును ఉంచవచ్చును. అది తీగల నొకదానితో నొకటి కలుపకయే, అయస్కాంతశక్తిచే పాటను దాటించును. కాని అది తుదిమందు. ఇంకొక మాట గుర్తుంచుకొనుము. ఇండ్లలో 230 వోల్టులతో నడచు యంత్రములు రొద చేసినచో కొందరు వాని ఎర్తు తీగను కత్తిరింతురు. అది ప్రాణాపాయము. రొదను మాన్పుటకు రక్షణను త్రెంపరాదు,” అని ఆయన హెచ్చరించెను.

నదిలో ఈల యొక హెచ్చరికను మ్రింగినది. సముద్రములో రొద చేయు హాని యింకను పెద్దది. ఓడలు ఆపదలో పిలుచుకొనుటకు వి.హెచ్.ఎఫ్. రేడియోలో 16వ ఛానలు నియమింపబడినది. దాని పౌనఃపున్యము 156.8 మెగాహెర్ట్‌జులు. కొన్ని ఎల్.ఇ.డి. దీపములు రేడియో తరంగములకు అడ్డువచ్చు రొదను పుట్టించుచున్నవని 2018 ఆగస్టులో అమెరికా తీరరక్షకదళము నావికులను హెచ్చరించెను. ఒక సందర్భమున రక్షణకేంద్రమువారు ఒక ఓడను రేడియోలో పిలిచియు మాటలాడజాలక పోయిరని ఆ హెచ్చరికలో కలదు. ఆ దళము నావికులకు నేర్పిన పరీక్షయు లాంచీలో జరిగిన పరీక్ష వంటిదే. దీపముల నార్పి, ఎవరును మాటలాడని ఛానలును పట్టి, రేడియో రొదను అప్పుడే అణగునంతవరకు సవరింపవలెను. పిమ్మట దీపములను వెలిగింపవలెను. మరల రొద వచ్చినచో దోషము దీపములది. మారినది ఒక్క దీపమే; కావున సందేహమునకు తావులేదు.

రొదను ఓపికతో వినినవాడు కొన్నిమారులు తాను వెదకిన దానికంటె గొప్పదానిని కనుగొనును. అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అను ఇంజనీరునకు బెల్ టెలిఫోను ప్రయోగశాలవారు ఒక పని నప్పగించిరి. అట్లాంటికు సముద్రము మీదుగా సాగు రేడియో సంభాషణలను చెరుపు రొద యెక్కడినుండి వచ్చుచున్నదో తెలిసికొనుటయే ఆ పని. ఆయన న్యూజెర్సీలోని హోమ్‌డెల్ వద్ద, మోటారుకారు చక్రములపై తిరుగు పెద్ద యేరియలును కట్టి, 1931 మొదలు రొదను వ్రాసి యుంచెను. కొంత రొద దగ్గరి యురుములది. కొంత దూరపు టురుములది. మూడవది సన్నని ‘సుయ్యి’మను రొద. అది దినదినము నాలుగు నిమిషములు ముందుగా హెచ్చుచుండెను. సూర్యునిదైనచో 24 గంటల కొకమారు హెచ్చవలెను. ఇది 23 గంటల 56 నిమిషముల కొకమారు హెచ్చుచున్నది. నక్షత్రములు తిరిగి అదే చోటికి వచ్చుటకు పట్టు కాలమదియే. ఆ రొద మన పాలపుంత మధ్యభాగమునుండి వచ్చుచున్నదని 1933లో ఆయన ప్రకటించెను. రేడియో ఖగోళశాస్త్రమునకు అదియే నాంది.

లాంచీలోని రొద ఇంజను వెంట నడిచినది. ఓడలోని రొద దీపపు మీట వెంట నడిచినది. జాన్‌స్కీ వినిన రొద నక్షత్రముల వెంట నడిచినది. ప్రతి రొదయు తన జన్మస్థానపు గడియారమును వెంటబెట్టుకొని వచ్చును. ఆ గడియారమును చూచి వ్రాసికొనినవానికి అది దాగజాలదు. వ్రాసికొనక వస్తువులను మార్చువానికి ధనమును కాలమును వ్యయమగును. రొద యట్లే యుండును.

మరుసటి ఆదివారము లాంచీ మరల బయలుదేరెను. కొండలు సమీపించునప్పటికి యాత్రికులు జలధారను చూచి లేచిరి. “అయ్యలారా, అమ్మలారా! ఎవరి చోట వారుండుడు. లాంచీని గట్టు దగ్గరకు త్రిప్పెదను, అందరును కూర్చుండియే చూడవచ్చును,” అని సరంగు మైకులో పలికెను. కేకవేయవలసిన పని లేకపోయెను. లేచినవారు కూర్చుండిరి. లాంచీ ఒరగక నెమ్మదిగా మలుపు తిరిగెను. సరంగు గదిలో, మిక్సరు ప్రక్కన, బాలుడు పుస్తకము తెరచి తుది పంక్తిని వ్రాసెను: “ఇంజను పూర్తి వేగము. రొద లేదు. మాట స్పష్టము.”

ప్రశ్నలు

1. ఆల్టర్నేటరు మారకున్నను క్రొత్త సామగ్రి పెట్టిన తరువాతనే రొద వినబడుటకు కారణమేమి?
2. ఫిల్టరు ఏల పనిచేయలేదు? ఏ పరీక్ష దానిని తెలిపినది?
3. ఒక తీగ నిరోధము 0.02 ఓములు. దానిలో 30 ఆంపియర్లు ప్రవహించినచో ఎన్ని వోల్టులు నష్టమగును?
4. “ఒక మారునకు ఒక్క మార్పే చేయవలెను.” ఈ మాటను మీ యింటిలోని ఏదేని పాడైన వస్తువునకు అన్వయించి పది పంక్తులు వ్రాయుడు.